బరువుకు తగిన పడవ

పోయిన నెలలో మా చిన్నాన్న మనవడు ఎన్నూరులో ఫ్లాటు కొనుక్కుని గృహప్రతిష్ఠ ప్రార్థనకు రమ్మని పిలిచాడు. కాళ్లు సహకరించడం లేదు, రాలేనురా అంటే కారు పంపించాడు. రాయపురం దాటి సముద్రం పక్క రోడ్డు మీద పడ్డాక ముందూ వెనకా లారీలే. సముద్రం ఉండవలసిన వైపు చూస్తే కంటెయినర్ల గోడ కనపడింది. ప్రార్థన ముగిసి, పాస్టరుగారు భోంచేసి వెళ్లాక, పిల్లలు నాకు బాల్కనీలో కుర్చీ వేశారు. ఎదురుగా కరెంటు స్టేషను పొగగొట్టాలు, వాటి కింద బూడిద రంగు నీళ్లు. ఆ నీళ్లు ఎడమ వైపుకు వంపు తిరిగిన తీరు చూశాకగాని అది మా ఉప్పుటేరని నాకు తెలియలేదు. "నేనీడ పడవ నడిపినా" అన్నాను. ఆ ఇంటి కోడలు కాఫీ గ్లాసు అందిస్తూ, "రోయింగా అవ్వా?" అంది. "కాదమ్మా, తెరచాప పడవ. పందేలకు పొయ్యేది." ఆ పిల్ల నా ఒళ్లు ఒకసారి చూసి, మర్యాదగా తల ఊపింది. నమ్మలేదని అర్థమైంది. అందులో ఆమె తప్పేమీ లేదు. పడవలో ఉన్న రోజుల్లోనే నన్ను చూసి నమ్మనివాళ్లు చాలామంది ఉండేవారు.

అప్పుడు మేం చింతాద్రిపేటలో, కూవం ఏటి ఒడ్డుకు కాస్త ఇవతల ఉండేవాళ్లం. ముత్తాత నాడు నెల్లూరు వైపు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం మాది. ఇల్లు మాత్రం ఎవరో నేతగాళ్లు కట్టుకున్నది. ముందు గదిలో మగ్గం గుంట పూడ్చిన చోట నేల మిగతా ఇంటికన్నా నున్నగా, చల్లగా ఉండేది. ఆ నున్నటి నేల మీద మా మేనత్త కరుణమ్మ మంచం. ఆమె నాన్నకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మిషన్ బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు టీచరు. నాన్న రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా. అమ్మ ఎస్తేరమ్మ, నేను, నాకంటే రెండేళ్లు చిన్నదైన లిల్లీ. ఇంటికి సాయంత్రమైతే మూడు వాసనలు వచ్చేవి. గాలి అటు తిరిగితే కూవం, వంటింట్లోనుంచి ఎండుచేపల పులుసు, ముందు గదిలోనుంచి అత్త మోకాళ్లకు రాసుకునే నీలగిరి తైలం. మూడూ కలిసి ఒకే వాసనగా అలవాటైపోయి, పెళ్లయి వేరే ఇంటికి వెళ్లిన కొత్తలో ఏ వాసనా లేని గదిలో నాకు నిద్ర పట్టేది కాదు.

అత్త పొద్దున్నే లేచి పెరట్లో కసరత్తుకు చెక్క దుడ్డుకర్రలు తిప్పేది. తర్వాత ఒక పచ్చి గుడ్డు గ్లాసులో కొట్టుకుని, మిరియాల పొడి చల్లుకుని గటుక్కున మింగేది. ఆదివారం గుడి నుంచి రాగానే కాన్వాసు బూట్లకు తెల్లసుద్ద పూసి గోడ మీద ఎండబెట్టేది. ఆ బూట్లు మగవాళ్ల సైజు. మా నాన్న వైపు ఆడవాళ్లందరూ పొడుగూ, లావూ. అత్త తలుపులోనుంచి వస్తే గదిలో వెలుతురు తగ్గేదని అమ్మ చాటుగా నవ్వేది. ఆ పోలిక నాకు వచ్చింది. లిల్లీకి అమ్మ పోలిక, సన్నగా మల్లెతీగ లాగా ఉండేది. గుడిలో ఆడవాళ్లు ఇద్దరినీ పక్కపక్కన చూసి ఏదో ఒకటి అనకుండా వెళ్లేవారు కాదు. నా ముందు ఎవరన్నా నా తిండి మాట ఎత్తితే అత్త వాళ్ల మాట పూర్తి కానిచ్చేది కాదు. "ఇంకొంచెం పెట్టు ఎస్తేరూ, పిల్ల తింటా ఉండాది" అని నా కంచం అమ్మ వైపు జరిపేది. అది ప్రేమో, మొండితనమో అప్పట్లో నేను ఆలోచించలేదు.

అత్తకు పడవ పిచ్చి పట్టించింది ఆమె బడిలో పనిచేసిన మిస్ ఆల్డెన్ అనే ఇంగ్లీషు టీచరు. ఎన్నూరు ఉప్పుటేరు ఒడ్డున దొరలు పెట్టుకున్న పడవల క్లబ్బు ఒకటి ఉండేది. మిస్ ఆల్డెన్‌కు అక్కడ చిన్న తెరచాప పడవ ఉంది. ఆమె పుల్లలాంటి మనిషి. గాలి ఎక్కువైతే పడవ ఒక పక్కకు ఒరిగిపోయేది. దాన్ని నిలబెట్టడానికి రెండో పక్క అంచు మీద కూర్చునే బరువైన మనిషి ఆమెకు కావాలి. అలా అత్తను తీసుకెళ్లింది. స్వరాజ్యం వచ్చిన కొన్నాళ్లకు ఆమె తన దేశం వెళ్లిపోతూ పడవను అత్తకు ఇచ్చేసింది. దొరలు పల్చబడుతున్న రోజులు కాబట్టి క్లబ్బువాళ్లు కూడా అత్తను సభ్యురాలిగా ఉండనిచ్చారు. నా స్కూలు చదువు అయిపోయి, టీచరు ట్రెయినింగు సీటు కోసం ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఒక శనివారం అత్త, "ఊరికే కూచోని ఏం చేస్తావు, నాతో రామే" అంది. అమ్మ పులుసన్నం, వేయించిన నెత్తళ్ల చేపలు విస్తరాకులో కట్టి ఇచ్చింది. సెంట్రల్‌లో గూడూరు పాసింజరు ఎక్కాం. ఆ తర్వాత శనివారాలన్నీ అలాగే గడిచాయి.

చిక్కల్లా ఒకటే. ఆ పడవను బక్కపలచని మనుషుల కోసం చేశారు. అత్తా నేనూ ఎక్కితే దాని అంచు నీళ్లకు బెత్తెడు పైన ఉండేది. వెనక భాగం నీళ్లలోకి దిగి, పడవ నీళ్లను కోయకుండా తోసుకుంటూ వెళ్లేది. ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లు మమ్మల్ని చూసి చేతులు ఊపేవారు. వాళ్లు నవ్వుతున్నారని తెలిసినా అత్త కూడా తిరిగి చేయి ఊపేది. పందెం పెట్టిన రోజున మేం ఎప్పుడూ ఆఖరే. చివరికి ఒక గాలిరోజున తెరచాప కొయ్య మొదట్లో విరిగి మా మీద పడింది. నా భుజం మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అడుగు చెక్క కూడా పుచ్చిపోయిందని తేలింది. దాన్ని బాగుచేయడం దండగని అత్త ఆ రోజే నిశ్చయించుకుంది.

క్లబ్బు సెక్రటరీ నాయుడుగారు హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి. తెలుగువాళ్లమని మా మీద అభిమానం. ఆయన నోటివెంట గట్టి మాట నేనెప్పుడూ వినలేదు. షెడ్డులో అప్పుడు అమ్మకానికి మూడు పడవలున్నాయి. మూడూ వెళ్లిపోతున్న దొరలవే. ఎవరు తీసుకున్నా చాలనే స్థితిలో ఉన్నారు కనుక ధర పెద్ద అడ్డంకి కాలేదు. మొదటిది పలక మీద పలక పరిచి చేసిన వెడల్పాటి బరువు పడవ. కుటుంబమంతా ఎక్కి పిక్నిక్‌కు వెళ్లొచ్చు. రెండోది సన్నగా, తేలిగ్గా, బాకులాగా ఉండేది. ఆ ఏడు పందేలన్నీ అదే గెలిచింది. మూడోది మూలన టార్పాలిన్ కింద ఉంది. పల్చటి ప్లైవుడ్‌తో చేసిన చాలా పొడుగాటి పడవ. తేలికదే, కానీ దాని తెరచాప మిగతా రెండింటి చాపలూ కలిపినంత. కొయ్య పైభాగం నుంచి ఒక ఉక్కు తీగ వేలాడుతూ ఉండేది. పడవ నడిపే ఇద్దరిలో ఒకరు నడుముకు కాన్వాసు పట్టీ కట్టుకుని, పట్టీ కొక్కేనికి ఆ తీగ తగిలించుకుని, పాదాలు అంచు మీద ఆనించి, ఒళ్లంతా పడవ బయట నీళ్ల మీదికి వాల్చాలి. ఏదో కంపెనీ దొర దాన్ని సీమనుంచి ఓడమీద తెప్పించుకుని, భార్యతో కలిసి దిగిన ప్రతిసారీ బోల్తా కొట్టి, విసిగిపోయి కప్పెట్టేశాడు. క్లబ్బులో అందరూ దాన్ని రాక్షసి అనేవారు.

"మీకూ పెద్దపాపకూ ఆ వెడల్పుది సరిగ్గా కుదురుతాది టీచరమ్మా" అన్నారు నాయుడుగారు. "నిమ్మళంగా తిరగొచ్చు."

"నిమ్మళంగా తిరిగేదానికి మొన్నటిదాకా ట్రాము ఉండింది గదండీ" అంది అత్త. "నాకు పరిగెత్తేది కావాల."

"పరిగెత్తాలంటే ఆ సన్నదే. అయితే దానికి..." ఆయన నావైపు చూసి ఆగారు. కాసేపు మీసం సవరించుకున్నారు. "మీకు చిన్నపాప ఒకతె ఉండాదంటిరి గదా. ఆ పాప తేలిగ్గా ఉంటాదని విన్నా. మీరు చుక్కాని పట్టుకోని, ఆ పాపను ముందు కూచోబెట్టుకుంటే వచ్చే ఏడు కప్పు మీదే."

"ఆ మూలది?"

"వద్దండీ. దాన్ని మగోళ్లే పట్టలేకపోయినారు."

ఆయన మాటలో ద్వేషం లేదు. చూసినదాన్ని చూసినట్టు చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నేను కిటికీలోనుంచి ఉప్పుమళ్లు చూస్తూ కూర్చున్నాను. నన్ను మార్చాలా, పడవను మార్చాలా అన్నదే అక్కడ ప్రశ్న. దానికి జవాబు నా చేతిలో లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు ఇంట్లో, గుడిలో, వీధిలో ఒళ్లే మొదటి మాటగా వినపడుతున్నప్పుడు, వారానికి ఒక్క పూట నీళ్ల మీద అది ఎవరికీ అడ్డురాని వస్తువైంది. ఇప్పుడు అక్కడ కూడా అడ్డొచ్చింది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త నాన్నతో మాట మొదలుపెట్టింది. "బరువుండే పడవ వేరు సామ్యేలూ, బరువును మోసే పడవ వేరు. నాయుడుగారికి ఆ తేడా పట్టలా."

"పడవకు తెలుస్తాదా అక్కా, ఎక్కినోళ్లు లావో సన్నమో?" అన్నాడు నాన్న.

"ఎందుకు తెలీదు? గాలి చాపను తోస్తాది. పడవ ఒరుగుతాది. ఒరక్కుండా రెండో పక్క మనిషి లాగాల. చాప చిన్నదైతే లాగే పనుండదు. మన బరువు ఊరికే పడవను ముంచతాది, అంతే. చాప పెద్దదైతే ఆ బరువుకు పని దొరుకుతాది. ఆ దొరా, దొరసానీ ఇద్దరూ ఊదితే పోతారు. పడవ చెడ్డది గాదు. దానికి సరిపడే మనుషులు రాలా."

నాన్న మజ్జిగ పోసుకుంటూ, "అయితే ఎంత బరువు సరిపోతాదో ఎట్ట తెలుసుకునేది?" అన్నాడు. గుమాస్తా కనుక ఆయనకు అదే తోచింది. అత్తకు ఆ ప్రశ్న నచ్చింది. సోమవారం సాయంత్రం లిల్లీని, నన్ను వెంటబెట్టుకుని పార్సిలు ఆఫీసుకు వెళ్లింది. అక్కడ మామిడిపండ్ల బుట్టలు, బట్టల బేళ్లు తూచే పెద్ద కాటా ఉంది. మొదట అత్త ఎక్కింది. తర్వాత లిల్లీ ఆమె పక్కన నిలబడింది. లిల్లీని దించి నన్ను ఎక్కించారు. కూలీలు బండ్లు ఆపి చూస్తున్నారు. ఒకతను నవ్వబోతే అత్త, "ఏందబ్బయా, నువ్వూ ఎక్కుతావా?" అంది. అతను నిజంగానే వచ్చి ఎక్కి, తన బరువెంతో అడిగి తెలుసుకుని సంతోషంగా వెళ్లిపోయాడు. నాన్న ముల్లు చూసి, పార్సిళ్లకు చెప్పినట్టే పైకి చెప్పాడు. అత్తా నేనూ కలిసి మూడువందల అరవై పౌన్లు. నేను తల వంచుకుని నిలబడ్డాను. అత్త మాత్రం సంతలో మంచి ఎద్దు దొరికిన రైతులాగా ఉంది.

అయినా ఆమె ఒకవైపే చూసే మనిషి కాదు. తర్వాతి శనివారం లిల్లీని కూడా ఎన్నూరు తీసుకొచ్చింది. ముందు ఆ సన్న పడవను అడిగి తీసుకుని, లిల్లీని ముందు కూర్చోబెట్టుకుని నీళ్లలోకి దిగింది. నేను ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం సముద్రపు గాలి అప్పుడే మొదలవుతోంది. వాళ్ల పడవ ముక్కు పైకెత్తి, నీళ్లను తాకీ తాకనట్టు జారిపోయింది. లిల్లీ జడ వెనక్కు ఎగురుతోంది. అంత అందమైన దృశ్యం నేను అంతకు ముందు చూడలేదు. అసూయపడాలని కూడా తోచలేదు. లెక్క తేలిపోయిందనుకున్నాను. వాళ్లు ఒడ్డుకు వచ్చాక లిల్లీ ముఖం పాలిపోయి ఉంది. చెప్పులు చేత్తో పట్టుకుని షెడ్డు వెనక్కు వెళ్లింది. అత్త కూడా వెళ్లింది. కాసేపటికి అత్త ఒక్కతే వచ్చి నా ఒళ్లో కాన్వాసు పట్టీ పడేసింది. "కట్టుకో. ఆ రాక్షసిని బయటికి లాగతా ఉండారు."

బడి డ్రిల్లు కోసం అత్త కుట్టించుకున్న నీలం గౌన్లే మేం పడవలో తొడుక్కునేవాళ్లం. గౌను మీద ఆ పట్టీ కడితే గుర్రానికి జీను వేసినట్టుంది. ఒడ్డున క్లబ్బు మనుషులు చేరారు. నాయుడుగారు చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డారు. పడవ నీళ్లలో దిగి గాలి పట్టుకోగానే ఒక పక్కకు లేచింది. "పోమే బయటికి!" అని అత్త అరిచింది. కొక్కెం తగిలించుకుని అంచు మీద కాళ్లు పెట్టాను. కింద నీళ్లు పరుగెత్తడం చూసి ధైర్యం చాలక లోపలికి వచ్చేశాను. అంతే, పెద్ద తెరచాప మెల్లగా నీళ్ల మీద పడుకుంది. మేమిద్దరం దాని పక్కన తేలుతున్నాం. అత్త నోట్లో నీళ్లు ఉమ్మి, "ఉప్పగా ఉండాది" అంది. తిట్టలేదు. పడవ అడుగునుంచి పొడుచుకొచ్చే పలక మీద నిలబడి ఇద్దరం వెనక్కు వాలితే పడవ నిటారుగా లేచింది. ఆ దొర దంపతుల కోసం ఒడ్డు నుంచి మనుషులు ఈదుకుంటూ రావలసి వచ్చేదట. మా బరువుకు అది వెంటనే లేచింది.

రెండోసారి నేను లోపలికి రాలేదు. రాకూడదని నిశ్చయించుకున్నానని చెప్పలేను. రావడానికి వీలు లేనంత వేగంగా వెళుతున్నాం. తీగ బిగిసి కూనిరాగం తీస్తోంది. నా వీపు కింద నీళ్లు, తల వెనక ఆకాశం. నేను ఒక్క అడుగు బయటికి వాలితే అంత పెద్ద తెరచాప నిలబడుతోంది, లోపలికి ముడుచుకుంటే ఒరుగుతోంది. నా ఒళ్లు ఒక పనికి వచ్చిందన్న సంగతి నాకు మొదట నడుము దగ్గర, పట్టీ ఒరుసుకున్న చోట, మంటగా తెలిసింది. ఒడ్డుకు రాగానే అత్త జుట్టు పిండుకుంటూ నాయుడుగారితో, "ఇది నేను తీసుకుంటానండీ" అంది. ఆయన తెరచాప వైపు చూసి, "గాలి లేని రోజు?" అన్నారు. "గాలి లేని రోజు ఓడిపోతాం" అంది అత్త.

ఇంట్లో అమ్మకు విషయం తెలిసినప్పుడు పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆడపిల్ల తీగకు వేలాడడమేమిటని ముందు కోపం చేసింది. తర్వాత తనలో తనే నవ్వుకుంది. మన ఆషాఢంలో వచ్చే ఆడి నెల గాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందని అరవవాళ్లు అంటారు. ఆ సామెత చెప్పి, "ఇన్నాళ్లకు మా ఇంటి సన్నికల్లు ఎగిరింది వదినా" అంది. అత్త పెద్దగా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఒంటి గురించిన మాటకు నేను నవ్వడం బహుశా అదే మొదలు.

క్లబ్బు పందెం ఆ ఆడి నెలలోనే వచ్చింది. పొద్దున మొదలుపెట్టారు. ఆకు కదలడం లేదు. మేం వద్దన్నాక నాయుడుగారే తీసుకున్న ఆ సన్న పడవ, దాని వెనక మిగతావి, ఏటి మీద ఆకుల్లాగా మెల్లగా ముందుకు పోయాయి. మేం ఇద్దరం పడవ మధ్యలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా మాది కదలలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అత్త విస్తరాకు విప్పి, పులుసన్నం తినడం మొదలుపెట్టింది. "పందెంలో ఎవరైనా తింటారా అత్తా?" అన్నాను. "గాలొస్తే తినేదానికి టైముండదు. తినమే" అంది. అందరూ ఏరు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర గుర్తుగా కట్టిన పీపా చుట్టి తిరిగి వస్తుండగా, మేమింకా దాని వైపు పోతుండగా, సముద్రం మీద నీళ్ల రంగు మారింది. గాలి మొదటి విసురుకే నేను బయటికి వెళ్లాను. పీపా చుట్టి తిరిగాక ఒక్కొక్క పడవా మాకు దగ్గరవడం మొదలుపెట్టింది. మా పడవ ముక్కు చీల్చిన నీళ్లు నా ముఖం మీద కొడుతున్నాయి. దాటిపోతున్న పడవల్లో మనుషుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఎవరూ నవ్వడం లేదు. అందరినీ దాటాం, నాయుడుగారిని తప్ప. ఆయన మాకంటే రెండు పడవల పొడుగు ముందు గీత దాటారు.

"ఇంకో ఫర్లాంగు దూరముంటే మీదే టీచరమ్మా" అన్నారాయన ఒడ్డు మీద.

"ఇంకో ఫర్లాంగు లేదు గదండీ" అంది అత్త. ఆమెకు ఓదార్పు మాటలు నచ్చవు. తర్వాత గాలి బాగా ఉన్న రోజుల్లో మేం గెలిచాం. గాలి లేని రోజుల్లో ఆఖరున వచ్చాం. మధ్యలో రావడమన్నది మా పడవకు తెలియదు.

ఏడాది తిరిగింది. ఒకరోజు వంటింట్లో లిల్లీ, నేను చేటలో నెత్తళ్లు పోసుకుని తలకాయలు గిల్లుతున్నాం. మాటల్లో లిల్లీ, "అత్త ముందు నన్నే అడిగింది అక్కా" అంది. "ఏం అడిగింది?" "ఆ సన్న పడవ తీసుకుంటా, నాతో వస్తావా అనింది. ఆ రోజు షెడ్డు ఎనక. నాకు కడుపులో తిప్పేసింది, సామీ నేను రాను అన్నా." అది గొప్పకు చెప్పలేదు. ఏదో పాత నవ్వులాట గుర్తొచ్చినట్టు చెప్పి, ఇంకో గుప్పెడు చేటలో పోసుకుంది. నా చేతులు పని చేస్తూనే ఉన్నాయి. అంటే సన్న పడవలో లిల్లీని చూశాక కూడా అత్త నన్నే ఎంచుకుందని నేను ఏడాదిగా అనుకున్నది నిజం కాదు. ఆమె లిల్లీని ఎంచుకుంది. లిల్లీ కాదన్నాక నా దగ్గరికి వచ్చింది.

శనివారం దాకా ఆగాను. ఒడ్డు విడిచి కొంత దూరం పోయాక అడిగాను.

"ముందు లిల్లీని అడిగినావంట గదా అత్తా."

"అవును, అడిగినా." ఆమె తెరచాప వైపే చూస్తోంది.

"అది వస్తానని ఉంటే?"

"ఆ సన్నది తీసుకోనుంటా."

"మరి నేను?"

"నువ్వు ఇంటికాడ ఉండుంటావు." చుక్కాని కర్ర చంకలోకి మార్చుకుంది. "ఏందిమే, నీకు అబద్ధం చెప్పమంటావా? నాకు పరిగెత్తాలని ఉండింది. లిల్లీ వస్తే లిల్లీతో పరిగెత్తుంటా. అది రాలా. నువ్వొచ్చినావు. నీకు సరిపోయే పడవ తెచ్చినా. దాంట్లో తక్కువేముండాది?"

అప్పుడే సముద్రం వైపు నుంచి విసురుగా గాలి వచ్చింది. "పో, బయటికి పో" అంది అత్త. అలిగి కూర్చోవచ్చు. కూర్చుంటే పడవ బోల్తా పడుతుంది. కొక్కెం తగిలించుకుని బయటికి వాలాను. కళ్లలో నీళ్లున్నాయి, కానీ ముఖమంతా ఉప్పునీళ్లే కాబట్టి ఆ తేడా ఎవరికీ తెలియదు. కోపం వచ్చినంత మాత్రాన నా బరువు తగ్గలేదు. పడవ తన దారిన తాను పరుగెత్తింది. ఆ రోజు ముఖద్వారం దాటి అలలు మొదలయ్యేదాకా వెళ్లాం. తిరిగి వచ్చేసరికి అడిగిన మాటా, విన్న మాటా రెండూ నాలో ఎక్కడో సర్దుకున్నాయి.

ఇప్పుడు మా ఇళ్లలో పిల్లలను ఏ పనికి పిలిచినా ముందు నిన్నే అనుకున్నాం అని చెప్పి పిలుస్తారు. మంచి మర్యాదే. మా అత్తకు ఆ మర్యాద రాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి, చెయ్యవలసింది చేసేది. నన్ను సన్నబడమని ఆమె ఒక్కరోజు కూడా అనలేదు. నా డాక్టరు నెలనెలా అంటాడు, నా మనవరాళ్లు వాళ్ల ఫోన్లలో అడుగులు లెక్కపెట్టుకుంటారు. వాళ్లను చూస్తే జాలీ లేదు, నవ్వూ లేదు. కాలానికి తగిన పని చేస్తున్నారు. ఉన్న ఒంటికి తగిన పడవను వెతుక్కోవడమన్నది మాత్రం ఇప్పుడు ఎవరికీ తోచడం లేదనిపిస్తుంది. నీళ్లు కూడా మిగలలేదనుకోండి.

నా పెళ్లయి పెరంబూరు వెళ్లాక అత్త ఆ పడవను అమ్మలేదు. కొన్ని నెలలు షెడ్డులో ఉంచి, తర్వాత బడిలో చదువు ముగించి వెళ్లిన పిల్లల్లో తీగకు వేలాడగల మనిషి కోసం వెతికింది. దొరికిన పిల్ల పేరు సరోజ, వాషర్‌మన్‌పేట పిల్ల. నేను చంటివాణ్ణి చంకనేసుకుని ఒక మధ్యాహ్నం చూడటానికి వెళ్లాను. పడవ దూరంగా వస్తోంది. తీగకు వేలాడుతున్న ఆ పిల్ల ఆకారం ఒడ్డునుంచి చూస్తే నాకు నన్నే చూసినట్టుంది, కానీ ముడుచుకుని, భయంగా. ఒడ్డుకు రాగానే ఆమె తువ్వాలు తీసుకుని నడుము చుట్టూ చుట్టుకుంది, నాకు ఒళ్లు కనపడకూడదని. "మీరేనా అక్కా నా ముందు దీంట్లో పొయ్యింది?" అని అడిగింది. అవునన్నాను. నా వైపు పైనుంచి కిందికి చూసి, కొంచెం కుదుటపడినట్టు తువ్వాలు వదులు చేసింది.

"మోకాళ్లు వంచతా ఉండావు, చూసినా" అన్నాను. "వంచొద్దు. ఒళ్లు బిగబట్టుకోవద్దు. ఉండే బరువంతా తీగ మీద వదిలెయ్. దాన్ని కట్టిందే మోసేదానికి."

అత్త నాకెప్పుడూ ఆ మాట చెప్పలేదు. ఆమె ఎప్పుడూ చుక్కాని దగ్గరే ఉండేది, తీగకు వేలాడలేదు కాబట్టి ఆమెకు తెలియదు. ఎడమ చేత్తో పిల్లవాణ్ణి పట్టుకుని, కుడి చేత్తో సరోజ పట్టీ ఒక కన్నం బిగించాను. నీళ్లలో నడుము లోతున నిలబడి పడవ పట్టుకున్న అత్త, "వస్తా ఉండావా, లేదా?" అని పిలిచింది. ఆ పిల్ల తువ్వాలు నా భుజం మీద వేసి పరుగెత్తింది. పడవ ఏటి వంపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఈసారి ఆమె మోకాళ్లు వంగలేదు.